అమ్మ కవరు, మెదక్ చాప, డోర్నకల్ సొరకాయ

ఇంటికొచ్చి మూడు రోజులైంది, సంచి ఇంకా పూర్తిగా ఖాళీ చేయలేదు. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను. నా మతిమరుపు సంగతి నాకు బాగా తెలుసు, అసలు ఈ ప్రయాణం మొదలైందే నేను ఒక సంగతి మర్చిపోవడం వల్ల.

పోయినేడు డిసెంబర్లో అమ్మకి బైపాస్ చేశారు, ఇక్కడే విజయవాడలో. అమ్మది బి నెగెటివ్. రాత్రి పదకొండింటికి ఇంకో రెండు యూనిట్లు కావాలన్నారు. వాట్సాప్‌లో తెలిసినవాళ్ళందరికీ పెట్టాను, వాళ్ళు ఇంకెవరికో పంపారు, పన్నెండున్నరకి ఒకే బండి మీద ఇద్దరబ్బాయిలు వచ్చారు. ఒకతను అయ్యప్ప మాలలో ఉన్నాడు, నల్ల పంచె, కాళ్ళకి చెప్పుల్లేవు. రెండో అతని చొక్కా జేబులోంచి తెల్ల టోపీ అంచు కనబడుతోంది. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఒకే కొట్లో పనిచేస్తారట. రక్తం ఇచ్చి, ఇచ్చిన జ్యూస్ తాగి, "అమ్మ జాగ్రత్త అక్కా" అని వెళ్ళిపోయారు. పేర్లు అడిగాను, చెప్పారు కూడా. ఆ టెన్షన్‌లో రాసుకోలేదు, ఫోన్ నంబరూ తీసుకోలేదు. తర్వాత మార్కెట్లో రెండుసార్లు తిరిగాను. "మాల వేసుకున్నబ్బాయి" అని అడిగితే డిసెంబర్లో ఎవర్ని చూపిస్తారు?

అమ్మ కోలుకున్నాక ఒకటే మాట పట్టుకుంది. వచ్చే క్రిస్మస్‌కి మెదక్ గుళ్ళో, అంటే అక్కడి పెద్ద చర్చిలో, కృతజ్ఞత కానుక ఇవ్వాలి అని. మెదకే ఎందుకంటే, అమ్మమ్మ ఎప్పుడో పడుచుతనంలో ఒక్కసారి ఆ గుడి చూసొచ్చి, చచ్చిపోయేదాకా దాని గురించే చెప్పింది. (మా క్రైస్తవుల్లో మొక్కు అనరు, కృతజ్ఞత అంటారు. రెండూ ఒకటేనని నా అభిప్రాయం, అమ్మ ముందు మాత్రం అనను.) తీరా క్రిస్మస్ వచ్చేసరికి అంతసేపు బస్సులో కూర్చోలేనంది. కానుక కవర్లో రెండు ఐదు వందల నోట్లు పెట్టి, ఒక్కో అబ్బాయికి ఒకటి అని చెప్పి, నన్ను పంపింది.

డిసెంబర్ 24, మెదక్

సికింద్రాబాద్‌లో మా వదిన తోడొచ్చింది. జేబీఎస్‌లో బస్సెక్కగానే వదిన ఆధార్ చూపించింది, జీరో టికెట్ చేతికొచ్చింది. నాది విజయవాడ అడ్రసు. కండక్టరు కార్డు అటూ ఇటూ తిప్పి, "మీరు అవుతలోళ్ళు గదా మేడం" అని నవ్వి నూట నలభై చిల్లర తీసుకున్నాడు. మా రాష్ట్రంలో నాకూ ఫ్రీనే అని చెప్పాను గట్టిగా. "అయితే నేనొచ్చినప్పుడు నువ్వు కొనిద్దువులే టికెట్టు" అంది వదిన. 2014 నుంచి మా ఇంట్లో ఈ జోకులకి కరువులేదు. అన్నయ్య అటు, నేను ఇటు, అమ్మ ఎవరి దగ్గరుంటే అదే మా రాజధాని.

మెదక్ ఇంకా రెండు కిలోమీటర్లుందనగా ట్రాఫిక్ ఆగిపోయింది. బస్సులో సగం మంది దిగి నడక మొదలుపెట్టారు, మేమూ దిగాం. ఇక్కడే మొదటి తప్పు. ముందు నడిచేవాళ్ళ వెనకాల పోతే చాలనుకున్నాం, వాళ్ళు చర్చికి కాదు, మేనత్త ఇంటికి పోతున్నారట. సందుల్లో అరగంట తిరిగాక, ఒక ఇంటి ముందు వెదురు పుల్లలతో స్టార్ కడుతున్న ముసలాయన్ని అడిగాం. మాట్లాడకుండా చేత్తో పైకి చూపించాడు. తలెత్తితే ఇళ్ళ కప్పుల మీదుగా గంట గోపురం. 170 అడుగులు దాటిన ఎత్తు, ఊళ్ళో ఏ సందులోంచైనా కనబడుతుంది. మేం కిందకే చూసుకుంటూ నడిచాం.

గది దొరకలేదు. బస్టాండ్ దగ్గర ఒక లాడ్జివాడు మామూలు రోజు ఎనిమిది వందల గదికి మూడు వేలు చెప్పాడు, బకెట్ వేడినీళ్ళకి వేరే యాభై. వదిన అక్కడికక్కడే తిట్టేసింది. బయటికొచ్చి నూట ఇరవై పెట్టి ఒక ప్లాస్టిక్ చాప కొన్నాం. చర్చి ఆవరణలో వేల మంది అలాగే చాపలు పరుచుకుని ఉన్నారు, చెట్ల కింద, గోడవార, ట్రాక్టర్ ట్రాలీల్లో. తండాల నుంచి వచ్చిన లంబాడీ ఆడవాళ్ళు అద్దాల రవికెలతో, పక్కనే స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకున్న హైదరాబాద్ పిల్లలు. చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. విజయవాడ మనిషికి డిసెంబర్ మెదక్ అంటే ఏంటో ఎవరూ ముందు చెప్పలేదు.

చాప పరిచే జాగా కోసం వెతుకుతుంటే ఒక కుటుంబం కనిపించింది, పది మంది దాకా ఉన్నారు, నాందేడ్ వైపు నుంచి వచ్చారట. వాళ్ళ పెద్దావిడ తన కోడలి వైపు తిరిగి "జరా సర్కా నా తాయీ" అంది. అదే క్షణంలో ఇటుపక్క ఉన్న సిద్దిపేట ఆవిడ "జర జరుగుండ్రి, పండనియ్యుండ్రి" అని తన పిల్లల్ని లాగింది. రెండు భాషల్లో అదే మాట, మొదటి రెండక్షరాలు కూడా అవే. మధ్యలో మా చాపకి సరిగ్గా మా చాపంత జాగా వచ్చింది. నేను "కాస్త జరగండి" అందామని నోరు తెరిచేలోపే.

తిండికి బయట జాతర జాతరలా ఉంది. మిర్చి బజ్జీలు, జిలేబీలు, ఒక బండి మీద అప్పటికప్పుడు చేత్తో కొట్టి కాల్చే జొన్నరొట్టెలు. బగారా అన్నం, కోడికూర ప్లేటు నూట ఇరవై. కూరలో కారం దిట్టంగా ఉంది, అయినా గుంటూరు కారం తిన్న నోటికి ఇది వేరే రకం, వెల్లుల్లి ముందుకొస్తుంది, కారం తర్వాత అందుకుంటుంది. నాందేడ్ కుటుంబం ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు చట్నీ మా ఆకులో వేశారు, పల్లీలది. మేం ఇచ్చిన కజ్జికాయలు చూసి సిద్దిపేట ఆవిడ "గరిజెలా? మేం గూడ జేస్తం" అంది. నాందేడ్ పెద్దావిడ ఒకటి కొరికి, "కరంజీ" అంది. ఆ తర్వాత కాసేపు మా మధ్య సంభాషణంతా వంటసామాన్ల పేర్లే.

వాళ్ళు పొద్దున్న ఇక్కడ చూసుకుని, మధ్యాహ్నం ఏడుపాయల దుర్గమ్మ దగ్గరికి వెళ్తారట, అక్కడ మంజీర ఏడు పాయలుగా చీలుతుంది కదా, అందులో స్నానం చేసి తిరుగు ప్రయాణం. ఏటా ఇదే కార్యక్రమమట. ఎందుకొస్తారని అడగబోయి మానేశాను. పెద్దావిడే చెప్పింది, వచ్చీరాని హిందీలో, నాకర్థమైనంత వరకు: కొడుక్కి చిన్నప్పుడు జబ్బు చేస్తే ఎవరో ఇక్కడ ప్రార్థన చేశారు, కొడుకు బతికాడు, ఇదిగో వీడే. నలభై ఏళ్ళ మనిషి, పొట్ట మీద దుప్పటి కప్పుకుని గురకపెడుతున్నాడు.

కొవ్వొత్తుల కోసం గేటు దగ్గరికెళ్ళాను. గడ్డం తెల్లబడ్డ తాత ఒకాయన, తలకి టోపీ, మోకాళ్ళ మధ్య కొవ్వొత్తుల డబ్బా. ఒకటి పది రూపాయలు. నా దగ్గర ఐదు వందల నోటే ఉంది. "పొద్దుగాల ఇయ్యిబిడ్డా, యాడికి బోతవ్" అని ఆరు కొవ్వొత్తులు చేతిలో పెట్టాడు. ఆ నోటు మళ్ళీ పర్సులో పెట్టుకుంటుంటే గుర్తొచ్చింది, అమ్మ కవరు. పర్సులో లేదు, సంచిలో లేదు. చాప దగ్గర కూర్చుని సంచి మొత్తం బోర్లించాం. వదిన నెమ్మదిగా అంది, "ఫ్రిజ్ మీద పెట్టావు, నేను చూశాను, నువ్వే తీసుకుంటావనుకున్నా."

ఒక సంవత్సరం ఎదురుచూసిన కానుక సికింద్రాబాద్‌లో ఫ్రిజ్ మీద ఉండిపోయింది. నా సొంత నోట్లు రెండు వేసేయొచ్చు కదా అంది వదిన. వేయొచ్చు. కానీ ఆ కవరు మీద అమ్మ వణికే చేత్తో రాసింది, అది వేరే లెక్క.

డిసెంబర్ 25, మెదక్

మూడున్నరకే జనం లేచారు. నల్లాల దగ్గర క్యూ. చలికి మొహం కడుక్కోవడమే పెద్ద భక్తి. మొదటి ఆరాధనకి లోపల జాగా దొరికింది, ఎలా దొరికిందో నాకు తెలీదు, వెనకనుంచి తోసిన తోపుకి వెళ్ళి ఒక స్తంభం పక్కన తేలాం. వదిన ఎడమ చెప్పు ఆ తోపులాటలోనే పోయింది.

కాళ్ళకింద నేల మంచుగడ్డలా ఉంది. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన రంగురంగుల పలకలు, నూరేళ్ళ పాటు లక్షల పాదాలు తిరిగినా రంగు పోలేదు. ఈ గుడి కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ. 1914లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టి, 1924లో సరిగ్గా ఇదే రోజున, డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం, దానితో పాటు కరువు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆకలికి మిషన్ బంగళా ముందు నిలబడితే, ఊరికే పెట్టకుండా, పని చెప్పి అన్నం పెట్టారు, ఆ పనే ఈ గోడలు. మా అమ్మమ్మ దీన్ని "అన్నం గుడి" అనేది. ఊరికే పెట్టొచ్చు కదా అని చిన్నప్పుడు నేను వాదించేదాన్ని. అమ్మమ్మ ఒకసారి కసిరింది: "ఊరికే తిన్నోడు మళ్ళీ వచ్చి ఇది నేను కట్టింది అనగలడా?" పూర్తిగా ఒప్పుకోలేను ఇప్పటికీ, ఆకలి ముందు షరతు పెట్టడం నాకు నచ్చదు. కానీ మా స్తంభం పక్కన నిలబడ్డ ఒక రైతు, తలపాగా చంకలో పెట్టుకుని, ఆ రాయిని అరచేత్తో నిమురుతున్నాడు, గేదె వీపు నిమిరినట్టు. "మా తాత రాళ్ళు మోసిండు" అన్నాడు ఎవరూ అడక్కుండానే.

కిటికీల గురించి మాత్రం చెప్పాలి. రంగు గాజుతో మూడు పెద్ద కిటికీలు, యేసు జననం, సిలువ, ఆరోహణం. ముందొచ్చింది ఆరోహణం, 1927లో. జననం కిటికీ పెట్టింది 1947లో, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే. సిలువది 1958. మేం లోపలికొచ్చేసరికి మూడూ నల్లగా, పలకల్లా ఉన్నాయి, బయట చీకటి కదా. పాటలయ్యాయి, వాక్యం అయింది, పిల్లలు నిద్రపోయారు. రెండో ఆరాధనకి జనం మారుతున్నప్పుడు ఎవరో "అదిగో" అన్నారు. మొదట నీలం వచ్చింది, కొంచెం, ఒక మూల. ఆ తర్వాత ఎరుపు. ఒక ముఖం సగం. బొమ్మ మొత్తం రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, మెడ నొప్పి పుట్టింది. అంతవరకు ఫోన్లలో వీడియో తీస్తున్నవాళ్ళు కూడా చేతులు దించేశారు, ఎందుకంటే ఫోన్లో అది రావట్లేదు.

ప్రార్థనలో ఎప్పటిలాగే దేశం కోసం, రాష్ట్రపతి కోసం, ప్రధాని కోసం, ముఖ్యమంత్రుల కోసం, సరిహద్దుల్లో ఉన్నవాళ్ళ కోసం, పంటల కోసం వరుసగా చెప్పుకుంటూ పోయారు. చిన్నప్పట్నుంచీ వింటున్నదే, నేనెప్పుడూ ఆ భాగంలో పరధ్యానంగా ఉంటాను. ఈసారి చుట్టూ "ఆమెన్" వేర్వేరు యాసల్లో వినిపిస్తే తలెత్తాను. నాందేడ్ పెద్దావిడ ఏ మాటా అర్థంకాకపోయినా, అందరూ ఆమెన్ అన్న చోటల్లా దండం పెడుతోంది, కొంచెం ఆలస్యంగా.

బయటికొచ్చి కొవ్వొత్తుల తాతకి అరవై ఇవ్వడానికి వెతికాను. గేటు దగ్గర లేడు. పోలీసులు బళ్ళన్నీ అటువైపు పంపించేశారట. ముప్పావుగంట తిరిగి పట్టుకున్నాను. "జెప్పిన గద, యాడికి బోతవ్ అని" అన్నాడు. నేను అన్నాను, "తాతా, నువ్వే కదా పోయింది." ఆ మాటకి ఆయన నవ్విన నవ్వుకి ముందు పళ్ళు రెండే ఉన్నాయని తెలిసింది. అరవై తీసుకుని, లెక్కపెట్టి, ఇంకో కొవ్వొత్తి చేతిలో పెట్టాడు, కొసరు.

డిసెంబర్ 26, సికింద్రాబాద్

కవరు ఫ్రిజ్ మీదే ఉంది, కరెంటు బిల్లు కింద. వదిన కొత్త చెప్పులు నా ఖాతాలో రాసింది, నాలుగు వందలు. అమ్మ ఫోన్ చేసి "ఇచ్చావా?" అంది. "గుడి చాలా బాగుందమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు కదా.

రాత్రి అన్నయ్యే సలహా ఇచ్చాడు. "ఎలాగూ ఇంటికెళ్ళే దారిలోనే డోర్నకల్ ఉంది, ఆదివారం అక్కడ గుళ్ళో ఇచ్చెయ్, అది మాత్రం చిన్న గుడా?"

డిసెంబర్ 27, ఖమ్మం (అనుకోకుండా)

డోర్నకల్లో దిగాలి. కొత్తగూడెం లైను చీలే జంక్షను, ఎవరూ మిస్సవరు. నేను మిస్సయ్యాను. మెదక్ నిద్ర బాకీ ఉంది, మహబూబాబాద్ దాటేవరకు మెలకువగానే ఉన్నాను, కళ్ళు తెరిచేసరికి ఖమ్మం. ఎదురు సీటాయన "లేపుదామనుకున్నానమ్మా, పాపం అలసిపోయారని…" అన్నాడు. ఇంత మంచితనం ఒక్కోసారి ఖర్చు పెట్టిస్తుంది: లాడ్జి తొమ్మిది వందలు, భోజనం నూట యాభై. భోజనంలో గోంగూర పచ్చడి మాత్రం మా ఇంటి రుచే, ఇక్కడిదాకా వచ్చేసరికి నాలిక సరిహద్దు దాటేసినట్టే.

డిసెంబర్ 28, డోర్నకల్

పొద్దున్న ప్యాసింజర్లో వెనక్కొచ్చి, స్టేషన్ బయట టీ తాగి నడిచాను. గుడి కనబడగానే ఆగిపోయాను. మెదక్‌ది చూస్తే ఎవరైనా చర్చి అంటారు. దీన్ని చూస్తే ఏమనాలో వెంటనే తోచదు. పైన గుమ్మటాలు, మూలల్లో మినార్లు, లోపల గుడి మండపంలో ఉన్నట్టు రాతి స్తంభాల వరసలు, వాటి మధ్య సిలువ. నిజాం రాజ్యంలో, తెలుగు నేల మీద, ఒక తమిళాయన ఆలోచనతో లేచిన కట్టడం. ఆయనే వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్.

ఆయన గురించి నాకు తెలిసింది కొంచెమే, మిగతాది ఒక అంకుల్ చెప్పారు, రైల్వేలో గార్డుగా రిటైరయ్యారట, పచ్చజెండా ఊపినట్టే చెయ్యి ఊపుతూ మాట్లాడతారు. "రేపటికి నూట పదమూడేళ్ళమ్మా" అన్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. అంతకు ఏడేళ్ళ ముందు, 1905లో క్రిస్మస్ రోజున, బెంగాల్లో స్వదేశీ ఉద్యమం వేడిమీద ఉన్నప్పుడు, శ్రీరాంపూర్‌లో ఈయనా మరికొందరూ కలిసి నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టారు. మనుషులూ మనవాళ్ళే, డబ్బూ మనదే, నడిపేదీ మనమే అన్నది దాని పట్టుదల. 1910లో ఎడిన్‌బరోలో తెల్లదొరల మిషనరీ మహాసభలో నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని మొహం మీదే అడిగారు. 1932లో బ్రిటిష్‌వాళ్ళు క్రైస్తవులకి వేరే నియోజకవర్గాలు ఇస్తామంటే, దేశం నుంచి విడదీసే ఆ బహుమతి మాకొద్దన్నారు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు అంకుల్ చెయ్యి ఊపడం ఆపేశారు.

గుడి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది, తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుకి కానుకలు తెచ్చిన పండుగ రోజున. అందుకే దీని పేరు ఎపిఫనీ. ఆ జ్ఞానులు కూడా నాలాగే ముందు తప్పు ఊరికెళ్ళి, రాజుగారింట్లో అడిగి, తర్వాత సరైన చోటికి చేరినవాళ్ళే. అజరయ్య 1945 జనవరి 1న పోయారు. ఆయన 1919 నుంచి పట్టుబట్టిన ఐక్యత, వేర్వేరు శాఖల సంఘాలన్నీ ఒకటవడం, ఆయన చూడకుండానే 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో జరిగింది. మా సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అలా పుట్టిందే. "ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం, సెప్టెంబర్లో మనకి ఐక్యత, నలభై మూడు రోజుల తేడా" అన్నారు అంకుల్. తర్వాత గొంతు తగ్గించి, "ఇప్పుడు పాస్టరేట్ కమిటీ ఎలక్షన్లు చూస్తే ఆ ఐక్యత గురించి మాట్లాడబుద్ధి కాదులే" అని ఆయనే నవ్వేశారు.

ఆరాధనకి ముందు వరండాలో బల్ల వేసుకుని ఒకాయన కానుకల రిజిస్టరు రాస్తున్నారు. కవరిచ్చాను. "ఎవరి పేరు మీదమ్మా? దేనికి కృతజ్ఞత?" అమ్మ పేరు చెప్పాను. ఆపరేషన్, ఆ రాత్రి, రక్తం, ఇద్దరబ్బాయిలు. పెన్ను ఆగింది. "అబ్బాయిల పేర్లు?"

"తెలియదండి."

ఆయన నా వైపు చూశారు. ఏడాదిగా నేను తప్పించుకుంటున్న చూపు అదే. ఏమీ అనకుండా తలవంచి రాసుకున్నారు, వెనకాల వరస పెరుగుతోంది, నేను పక్కకి జరిగాను.

కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి, అది మామూలే, కానీ ఇక్కడ మృదంగం వాయించే తాత నిజంగానే ఆ తాళం చూసుకుని వాయించాడు. ఆడవాళ్ళు వరసగా వచ్చి డబ్బాల్లోంచి గంపలో బియ్యం పోశారు. పిడికెడు బియ్యం అంటారు, వండే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం. మా అమ్మమ్మ ఇంట్లో హార్లిక్స్ సీసా ఉండేది దానికోసం. ఒకావిడ డబ్బా అడుగు తట్టి తట్టి పోసింది, నాలుగు గింజలు నేల మీద పడితే వంగి ఏరి మళ్ళీ గంపలో వేసింది.

తర్వాత పాస్టరు అయ్యగారు రిజిస్టరు చదివారు. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, ఏ చర్చిలోనైనా. బర్రె ఈనినందుకు, తల్లీ దూడా క్షేమంగా ఉన్నందుకు యాభై రూపాయలు. మిర్చి తోటని ఈసారి నల్ల తామర పురుగు వదిలేసినందుకు ఐదు వందలు. కూతురికి డీఎస్సీలో ఉద్యోగం వచ్చినందుకు రెండు వేలు. అల్లుడు తాగుడు మానినందుకు వంద, ఆ అల్లుడు మూడో వరసలోనే కూర్చున్నాడు, మెడ ఎర్రబడింది. కాశ్మీర్ డ్యూటీలో ఉన్న కొడుకు సెలవు మీద వచ్చినందుకు వెయ్యి. ఆ తర్వాత మా అమ్మ ఇంటిపేరు తప్పు చదివి, "బెజవాడ నుంచి వచ్చిన సహోదరి తల్లిగారికి గుండె ఆపరేషన్ సమయంలో ఇద్దరు తమ్ముళ్ళు రక్తం ఇచ్చినందుకు, వెయ్యి రూపాయలు."

ఇద్దరు తమ్ముళ్ళు. రిజిస్టరాయన అలా రాసుకున్నారన్నమాట.

ప్రేమ విందులో విస్తరాకు ముందు కూర్చున్నాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే అడగడం మొదలుపెట్టారు. "మీ తమ్ముళ్ళు మంచోళ్ళమ్మా, ఏం చేస్తరు?" ఒకే కొట్లో పనిచేస్తారండి అన్నాను. "పెళ్ళిళ్ళయినయా?" ఇంకా లేదనుకుంటా అన్నాను. "అనుకుంటా" ఏంటని ఒకావిడ వింతగా చూసింది. సరిచేద్దామనిపించలేదు. పులిహోర, కోడికూర, పెరుగుచట్నీ, అరటిపండు, వడ్డించే కుర్రాడు వద్దన్నా వేసేస్తున్నాడు.

ఆ వడ్డించే కుర్రాడే కాశ్మీర్ అబ్బాయి, క్రాఫు చూస్తేనే తెలుస్తుంది. క్రిస్మస్‌కి అక్కడ చర్చి ఉంటుందా అని అడిగాను. "సర్వధర్మ స్థల్ ఉంటదక్కా, ఒకటే హాలు, ఒక పక్క మందిర్, ఒక పక్క గురుగ్రంథ్, ఒక పక్క సిలువ, అందరిదీ అదే" అన్నాడు. పోయినేడు తన యూనిట్లో ముగ్గురే క్రిస్టియన్లట. స్టార్ చేయడం వాళ్ళకి రాలేదు. రేషన్ డబ్బా అట్ట కోసి, సీరియల్ లైట్లు చుట్టి స్టార్ చేసింది ఒక పంజాబీ హవల్దారట. "ఐదు మూలలు రాలే, ఆరొచ్చినయ్. అట్లనే పెట్టినం." ఫోన్లో ఫొటో చూపించాడు, బయట మంచు, లోపల ఆరు మూలల స్టారు, కింద ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. ఇంకో గరిటె పులిహోర వేసి వెళ్ళిపోయాడు.

చివర్లో వేలంపాట. గుడికి తెచ్చిన కూరగాయలూ కోళ్ళూ పాడతారు కదా. ఒక సొరకాయ, మూరెడు పొడవుంటుంది, ఇరవై దగ్గర మొదలైంది. ఊరికే సరదాకి యాభై అన్నాను. ఎవరో అరవై. అల్లుడు, అదే తాగుడు మానిన అల్లుడు, ఎనభై. నాకు పంతం వచ్చింది. నూట యాభైకి సొరకాయ నాదైంది. జనం చప్పట్లు కొట్టారు. ఖమ్మం నుంచి బెజవాడ బస్సులో దానికో సీటు కావాల్సొచ్చింది, ఒళ్ళో పెట్టుకుంటే కండక్టరు "మేడం, పాపకి హాఫ్ టికెట్" అన్నాడు. నాకు మాత్రం ఫుల్ టికెట్టే, రెండు రాష్ట్రాల మధ్య తిరిగే బస్సులో ఎవరి ఫ్రీ పథకమూ నాకు వర్తించదు.

ఇల్లు

అమ్మకి మొత్తం చెప్పేశాను, ఫ్రిజ్ దగ్గర్నుంచి. తిడుతుందనుకున్నాను. మెదక్ అయితేనేం డోర్నకల్ అయితేనేం అని కూడా అనలేదు, అమ్మ అలాంటి మాటలు అనదు, కాసేపు అలిగింది. తర్వాత కొసరు కొవ్వొత్తి తీసి అమ్మమ్మ ఫొటో ముందు పెట్టింది. సొరకాయని నాలుగు ముక్కలు చేసి మూడు ముక్కలు ఇరుగుపొరుగుకి పంపేసింది, మా ఇంట్లో ఇద్దరం ఎంత తింటాం.

రాత్రి కూర కలుపుకుంటూ, "తమ్ముళ్ళు అని చదివారా?" అంది.

"అవును."

ఇంకేం మాట్లాడలేదు. పొద్దున్న లేచేసరికి వంటింట్లో రెండు స్టీలు డబ్బాలు కడిగి బోర్లించి ఉన్నాయి, పక్కన పళ్ళెంలో అరిసెలు. "మకరజ్యోతికి ఇంకా రెండు వారాలుంది, ఈసారీ మాల వేసుంటాడు, మార్కెట్లో ఈ వైపు నుంచి కాదు, కాలవ వైపు నుంచి అడుగుతూ రా" అంది. డబ్బాలు మాత్రం తిరిగి తెమ్మంది, ఆ జత తన పెళ్ళప్పటిదట.